అంకె ఎంత? అందులో ఖాయం ఎంత?



దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి రోడ్డు మీదికి వస్తే మొట్టమొదట మీ కంట పడేవి ఏమిటి? బోర్డులు. ఒకదాని నెత్తిన ఒకటిగా కోచింగు సెంటర్ల బోర్డులు. ఈ కోర్సు చేస్తే ఇన్ని లక్షల జీతం, ఆ పరీక్ష పాసయితే అన్ని లక్షల జీతం అని బారెడు అంకెలు. ఆ అంకె పక్కన ఒక చిన్న చుక్క గుర్తు ఉంటుంది. ఆ చుక్కకు అర్థం బోర్డు అడుగున, చీమ తలకాయంత అక్షరాలలో ఉంటుంది. అంకెను చదవనివాళ్ళు లేరు. అడుగున ఉన్నది చదివేవాళ్ళు ఎందరు?

మీరు ఏ ఉద్యోగం చేయాలో నేను ఇవాళ చెప్పబోవడం లేదు. ఒక పెద్ద అంకెను చూసినప్పుడు దానిని ఏ ప్రశ్నలు అడగాలో చెప్పాలని నా కోరిక. ఈ కోరిక నాకు ఒక ఫుట్‌బాల్ ఆటగాడి వల్ల కలిగింది. అతడు మా పాఠశాల విద్యార్థి.

స్టాఫ్ రూముకు వచ్చిన కాగితం

నిరుడు వేసవి సెలవులకు ముందు ఒక తండ్రి నన్ను వెతుక్కుంటూ స్టాఫ్ రూముకు వచ్చారు. ఆయన పండ్ల వ్యాపారి. కొత్తపేటలో పండ్ల మార్కెట్టు ఉన్నన్నాళ్ళూ అక్కడే ఉండేవారు. 2021లో మార్కెట్టు బాటసింగారం తరలినప్పటినుంచి తెల్లవారుజామునే అంత దూరం పోయి వస్తున్నారు. ఆయన కొడుకు అప్పుడే తొమ్మిదో తరగతి పరీక్షలు రాశాడు. ఫుట్‌బాల్ బాగా ఆడతాడు. సరూర్‌నగర్ వైపు మైదానంలో పొద్దున పూట వాడి ఆట చూడడానికి దారినపోయే పెద్దవాళ్ళు సైతం ఆగుతారు.

"సార్, పిలగాని నసీబు మారినట్టే. మూడేండ్లకు ఆరు లక్షలంట. సంతకం పెట్టమంటున్నరు. మీరొకసారి చూసి చెప్పుండ్రి" అని ఆయన ఒక కాగితం నా చేతికిచ్చారు. వేరే రాష్ట్రంలోని ఒక ఫుట్‌బాల్ సంస్థ పంపిన ఒప్పందం అది. చేరాలంటే బడి మానుకుని అక్కడి హాస్టలులో ఉండాలి.

మేమిద్దరం కూర్చుని చదివాం. మొదటి సంవత్సరం నెలకు 5,000 రూపాయలు. అంటే 60,000. రెండవ సంవత్సరం 1,40,000. మూడవ సంవత్సరం 2,00,000. ఈ రెండూ 'సంస్థ ఆటగాణ్ణి కొనసాగించదలచుకున్న పక్షంలో'. మిగిలిన 2,00,000 ఆడిన మ్యాచ్‌లను బట్టి, గెలిచిన పోటీలను బట్టి ఇచ్చే బోనసు. కూడి చూడండి. ఆరు లక్షలు సరిగ్గా వస్తుంది. కాగితంలో అబద్ధం ఒక్కటీ లేదు.

మరి ఏది జరిగినా ఏది జరగకపోయినా చేతికి వచ్చేది ఎంత? మొదటి ఏడాది 60,000 మాత్రమే. అందులో హాస్టలు ఖర్చు కింద నెలకు 3,000 మినహాయిస్తామని మూడో పేజీలో ఉంది. 36,000 పోతే మిగిలేది 24,000. ఆరు లక్షలలో ఇది నూటికి నాలుగు వంతులు!

ఆ తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆయనే అన్నారు: "సార్, ఇది మా మామిడికాయ లెక్కే. వేలంల పలికిన రేటు వేరు. తరుగు, కమీషను, హమాలీ పోంగ రైతు చేతికొచ్చేది వేరు."

నేను గంటసేపు చెప్పవలసిన పాఠాన్ని ఆయన ఒక్క మాటలో చెప్పేశారు.

ట్యాంకు మీది అంకె

మీ ఇంటి మీద నీళ్ళ ట్యాంకు ఉందా? దాని మీద 1000 లీటర్లు అని రాసి ఉంటుంది. ఆ అంకె చూసి బట్టలు నానబెడతారా? నానబెట్టరు. మూత తీసి నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూస్తారు. 1000 అనేది ట్యాంకు పట్టగల నీరు. ఉన్న నీరు 200 లీటర్లే కావచ్చు. ఒప్పందంలోని మొత్తం సొమ్ము ట్యాంకు మీద రాసిన అంకె వంటిది. ఖాయమైన సొమ్ము ట్యాంకులో ఉన్న నీరు వంటిది. రెండూ లీటర్లలోనే చెబుతాం కాబట్టి రెండూ ఒకటే అనుకోవడం పొరపాటు.

ఈ తేడా అతి స్పష్టంగా కనిపించేది అమెరికా ఫుట్‌బాల్‌లో. అది మనమాడే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరుగెత్తే, ఒకరినొకరు గుద్దుకుని పడగొట్టే ఆట. అక్కడి పెద్ద లీగులో ఆటగాడితో అయిదేళ్ళకు ఒప్పందం చేసుకున్నా, జట్టు మధ్యలో అతణ్ణి తీసివేయవచ్చు. అప్పుడు హామీ ఇవ్వని సంవత్సరాల జీతం ఇవ్వనక్కరలేదు.

2020లో కాన్సాస్ సిటీ చీఫ్స్ జట్టు పాట్రిక్ మహోమ్స్ అనే ఆటగాడితో పదేళ్ళ ఒప్పందం చేసుకుంది. 45 కోట్ల డాలర్లు అని పత్రికలు రాశాయి. సంతకం చేసిన రోజున పూర్తిగా ఖాయమైన సొమ్ము సుమారు 6 కోట్ల 30 లక్షల డాలర్లు. అంటే నూటికి 14 వంతులు. గాయపడితే అంతకన్న ఎక్కువకు హామీ ఉంది. ఏటా ఒక తేదీ దాటేసరికి తరువాతి సొమ్ము కొంత ఖాయమవుతూ వస్తుంది కూడా. మహోమ్స్ వంటి మేటి ఆటగాణ్ణి ఏ జట్టూ వదులుకోదు కనుక ఆయనకు చింత లేదు. సామాన్య ఆటగాడి సంగతి అట్లా కాదు.

దీనికి భిన్నంగా 2018లో కిర్క్ కజిన్స్ అనే ఆటగాడు మిన్నెసోటా వైకింగ్స్ జట్టుతో మూడేళ్ళకే ఒప్పందం చేసుకున్నాడు. 8 కోట్ల 40 లక్షల డాలర్లు. మహోమ్స్ అంకె ముందు ఇది చిన్నదే. కాని ఇందులో ప్రతి డాలరూ ఖాయం! ఆ ఆటను ఎరిగినవారు ఒప్పందాలను పోల్చేటప్పుడు మొత్తం అంకెను పక్కన పెట్టి, ఖాయమైన అంకెనే ముందు అడుగుతారు.

నాణెంతో ఒక ప్రయోగం

ఇప్పుడు ఒక ప్రయోగం చేద్దాం. మీరు ఎనిమిది మంది కూర్చోండి. తలా ఒక రూపాయి బిళ్ళ తీసుకోండి. ప్రతి ఒక్కరూ ఒక ఆటగాడు అనుకోండి. ఒప్పందం మూడేళ్ళకు 30 లక్షలు. ఏడాదికి 10 లక్షలు. మొదటి ఏడాదే ఖాయం. తరువాత ప్రతి ఏడాదీ జట్టులో ఉంచుతారా లేదా అన్నది బొమ్మా బొరుసూ.

మొదటి ఏడాది ఎనిమిది మందికీ తలా 10 లక్షలు వస్తాయి. నాణెం ఎగరేయండి. బొమ్మ పడినవారు ఉంటారు, బొరుసు పడినవారు ఇంటికి పోతారు. సగటున నలుగురు మిగులుతారు. మళ్ళీ ఎగరేస్తే ఇద్దరు మిగులుతారు. లెక్క వేయండి. నలుగురికి 10 లక్షల చొప్పున 40. ఇద్దరికి 20 చొప్పున 40. చివరి ఇద్దరికి 30 చొప్పున 60. మొత్తం 140 లక్షలు. ఎనిమిది మందికి పంచితే తలా 17 లక్షల 50 వేలు.

30 లక్షల ఒప్పందం అసలు విలువ సగటున 17న్నర లక్షలే అన్నమాట. ఇంకొక జట్టు వచ్చి "ఏడాదికి 6 లక్షలే ఇస్తాం, కాని మూడేళ్ళూ ఖాయం" అంటే 18 లక్షలు అవుతుంది. 30 కన్న 18 ఎక్కువ! వినడానికి వింతగా ఉన్నా లెక్క మాత్రం అదే చెబుతున్నది. గణితంలో దీనిని సంభావ్యత అనే అధ్యాయంలో చదువుతారు.

ఇందులో ఇంకొక చిత్రం గమనించండి. ఎనిమిది మందిలో నలుగురికి 10 లక్షలే దక్కాయి. పత్రికలో ఫొటో ఎవరిది పడుతుంది? 30 దక్కిన ఇద్దరిది. బోర్డు మీద ఎవరి పేరు ఉంటుంది? ఆ ఇద్దరిదే. మిగిలిన ఆరుగురికి బోర్డులు ఉండవు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా నడుస్తూ బోర్డులు చదివితే ప్రపంచంలో అందరూ నెగ్గినవాళ్ళే అనిపించడానికి కారణం ఇదే.

మోకాలు ఇచ్చే హామీ

నాణెం ఉదాహరణ మరీ కఠినం అనుకుంటున్నారా? అయితే మన మోకాలి సంగతి వినండి. తొడ ఎముకనూ కింది కాలి ఎముకనూ కలిపి పట్టి ఉంచేవి సంధిబంధనాలు. వీటినే లిగమెంట్లు అంటాం. మోకాలి లోపల ఏటవాలుగా ఉండే ఒక సంధిబంధనాన్ని ఆటగాళ్ళు ఏ.సి.ఎల్. అని పిలుస్తారు. వేగంగా పరుగెత్తేవాడు ఒక్కసారిగా ఆగి పక్కకు తిరిగినప్పుడు, ఎవరూ తగలకపోయినా, ఇది తెగిపోవచ్చు. దీనికి రక్త ప్రసరణ తక్కువ. పూర్తిగా తెగితే దానంతట అది అతకడం అరుదు. శస్త్రచికిత్స చేయించుకున్నాక మళ్ళీ ఆటకు రావడానికి సాధారణంగా తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది.

ఏడాది! మా విద్యార్థి ఒప్పందంలో ఖాయమైన కాలం కూడా ఏడాదే. గాయమైతే చికిత్స ఖర్చు ఎవరిదో ఆ కాగితంలో ఎక్కడా లేదు.

హామీ సరే, ఇచ్చేది ఎవరు?

"మన ఫుట్‌బాల్‌లో అమెరికావాళ్ళ పద్ధతి లేదు కదా, మాస్టారూ?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నియమాల ప్రకారం వృత్తి ఆటగాడి ఒప్పందం గడువు తీరినప్పుడుగాని, ఇద్దరూ ఒప్పుకున్నప్పుడుగాని ముగియాలి. తగిన కారణం లేకుండా జట్టు మధ్యలో వదిలించుకుంటే పరిహారం ఇవ్వాలి. రెండు నెలల జీతం అన్యాయంగా ఆపితే, 15 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి ఆటగాడు వెళ్ళిపోవచ్చు. చదవడానికి గట్టి హామీయే.

కాని మన నగరంలోనే ఏమైందో చూడండి. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అనే జట్టు ఏర్పడింది. గచ్చిబౌలి స్టేడియం వారి మైదానం. మా ఎల్.బి. నగర్ పిల్లలు మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గంలో దిగి మ్యాచ్‌లకు పోయేవారు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. తరువాత రెండేళ్ళు తిరక్కుండానే జీతాలు అందక ఆటగాళ్ళు ఒకరి వెనుక ఒకరు వెళ్ళిపోయారు. కొత్తవారిని నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం విధించింది. 2023–24లో ఆ జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. యాజమాన్యం మారింది. 2025లో జట్టు ఢిల్లీకే తరలిపోయింది.

అదే 2025లో హక్కుల ఒప్పందం గడువు తీరబోతున్నందున లీగు మొత్తమే వాయిదా పడింది. ఆగస్టులో బెంగళూరు ఎఫ్.సి. తన ఆటగాళ్ళ, సిబ్బంది జీతాలు నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. వాళ్ళ చేతుల్లో కూడా సంతకాలు చేసిన ఒప్పందాలు ఉన్నాయి! కాబట్టి హామీ అన్నది కాగితంలో ఉంటే చాలదు. హామీ ఇచ్చినవాడి పెట్టెలో డబ్బు ఉండాలి. ట్యాంకులో నీళ్ళు ఉన్నా, అడుగున చిల్లి ఉందేమో చూసుకోవాలి.

పాత హైదరాబాదు పద్ధతి

మన నగరంలో ఇంకొక పద్ధతి ఉండేది. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు విన్నారా? ఆయన మొదట మావంటి బడిపంతులే. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది.

ఆ పోలీసు జట్టు ఆటగాళ్ళకు లక్షల ఒప్పందాలు లేవు. పోలీసు శాఖలో ఉద్యోగం ఉండేది. జీతం కొద్దిది, కాని నెల నెలా వచ్చేది. మోకాలు తెగినా, ఆట తగ్గినా ఉద్యోగం ఉండేది. ఆట ఎంత హఠాత్తుగా ఆగిపోగలదో తెలియాలంటే మన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కథ చాలు. 1962 స్వర్ణ జట్టులో ఆడిన ఆ మేటి ఆటగాడు మరుసటి ఏడే ఊపిరితిత్తుల పొరకు వచ్చిన ప్లూరిసీ అనే జబ్బు వల్ల ఆట మానవలసి వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు నిండలేదు.

ఆ కాలమే మేలని, తిరిగి అక్కడికే పోదామని నేననడం లేదు. ఆటలో డబ్బు రావడం మంచిదే. చెమటోడ్చేవాడికి దక్కవలసిందే. కాని పాతవాళ్ళు చిన్న అంకెను, పెద్ద హామీని ఎంచుకున్నారు. మనం పెద్ద అంకెను చూసి హామీ సంగతి అడగడమే మరచిపోతున్నాం. నా అభ్యంతరం అంతే.

నా మీద వచ్చిన అభ్యంతరం

మా వ్యాయామ ఉపాధ్యాయుడు ఈ విషయంలో నాతో ఏకీభవించలేదు. "మీకేం సార్, నెల తిరిగేసరికి జీతం వస్తుంది. లెక్కలు చెప్పి పిల్లవాడి ఉత్సాహం మీద నీళ్ళు చల్లారు. సాహసం చేయనివాడు ఆటగాడు ఎట్లా అవుతాడు?" అన్నాడు.

ఆయన మాటలో నిజముంది. నా జీతం ఖాయమైనది. ఖాయమైన జీతం తీసుకునేవాడికి ఇతరులకు జాగ్రత్తలు చెప్పడం తేలిక. సంభావ్యత ఎనిమిది మంది సంగతి చెబుతుందిగాని, ఆ ఎనిమిది మందిలో ఈ పిల్లవాడు ఎవరో చెప్పదు. వీడు చివరి ఇద్దరిలో ఒకడేమో! అది నాకూ తెలియదు, ఆ సంస్థకూ తెలియదు.

అయినా ఒక మాట. బావి లోతు తెలుసుకుని దూకేవాణ్ణి సాహసి అంటాం. తెలుసుకోకుండా దూకేవాణ్ణి ఏమంటాం? అడిగితే కలలు చెదిరిపోతాయనే భయంతో అడగకుండా ఊరుకుంటే, లాభపడేది కాగితం రాసినవాడే. పైగా మన చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివాడు స్వయంగా చేసుకున్న ఒప్పందం చెల్లదు. పెద్దవాళ్ళ సంతకం అడిగేది అందుకే. మీ బదులు సంతకం చేసేది మీ అమ్మానాన్నలు. బడి మానేది మాత్రం మీరు.

అందుకని తొమ్మిది, పది తరగతుల లెక్కల పుస్తకాలలో వడ్డీ లెక్కల పక్కన ఒక ఒప్పందపు కాగితం కూడా ఉండాలని నా అభిప్రాయం. రైలు వేగం కట్టగల పిల్లలు ఇది చేయలేరా? నాలుగే ప్రశ్నలు. ఏది జరిగినా చేతికి వచ్చేది ఎంత? మిగిలినది ఏ షరతు మీద, ఎవరి ఇష్టం మీద ఆధారపడి ఉంది? దెబ్బ తగిలితే, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు? ఇస్తానన్నవాడు ఇంతకు ముందు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడా? ఈ నాలుగూ ఫుట్‌బాల్‌కే కాదు, దిల్‌సుఖ్‌నగర్ బోర్డు మీది ప్రతి అంకెకూ పనికి వస్తాయి.

ఇక ఆ పిల్లవాడి మాట. వాళ్ళ నాన్న ఫోను చేసి ఈ ప్రశ్నలే అడిగారు. "అందరికీ ఇదే కాగితం. ఇష్టమైతే సంతకం పెట్టండి, లేకుంటే మానండి" అని జవాబు వచ్చింది. ఆయన సంతకం పెట్టలేదు. పిల్లవాడు రెండు నెలలు నాతో మాట్లాడలేదు. తరగతిలో కిటికీ వైపు చూస్తూ కూర్చునేవాడు. అది చూసి నేను చేసింది సరేనా అని చాలా రాత్రులు ఆలోచించాను. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

వాడు పదో తరగతి పరీక్షలు రాశాడు. పొద్దున పూట ఆట మానలేదు. మొన్న మైదానం పక్కనుంచి పోతుంటే బంతి ఆపి నా దగ్గరికి వచ్చాడు. "సార్, ఇంకొక సంస్థవాళ్ళు వచ్చిండ్రు. ఈసారి మూడో పేజీ నేనే చదివిన. మీరు కూడా చూస్తరా?" అన్నాడు.

ఆ కాగితం ఇంకా నా బల్ల మీదనే ఉంది. ఆదివారం ముగ్గురం కూర్చుని చదవబోతున్నాం. ఈలోగా మీరు ఎనిమిది మంది చేరి నాణెం ప్రయోగం చేయండి. ఒక్కసారితో ఆపకండి. పదిసార్లు చేసి, ప్రతిసారీ ఎవరికెంత దక్కిందో నోటు పుస్తకంలో రాసుకోండి. తరువాత ఇంటికి పోయేటప్పుడు దారిలో కనిపించే మొదటి బోర్డు దగ్గర ఆగి, అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదవండి.